చిల్లు రాయి, రెండు తలుపుల చర్చి

ఆర్క్నీ దీవుల్లో పెళ్ళి మాట ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక రాయి ఉండేది. ఆ మాట తెంచుకోవడానికి ఒక చర్చి ఉండేది. రాయి 1814 డిసెంబరులో పోయింది. ఆనాటి చర్చి కూడా లేదు. దాని వారసత్వంగా తర్వాతి కాలంలో కట్టిన చర్చి ఒకటి ఆదివారాలు గడుపుకుంటూ వచ్చింది. ఈ రెండింటి నడుమ ఒక నడక దారి ఉండేది. కొన్ని తరాల ప్రేమికులు ఆ దారిలో నడిచారు. నా మనసు పోయిన రాయి మీద కన్నా ఆ దారి మీదే ఎక్కువగా ఉంటుంది.

స్కాట్లండ్ ఉత్తరపు కొసన నేల అయిపోయాక, అలల పోటు బలంగా ఉండే ఒక జలసంధి దాటితే ఆర్క్నీ వస్తుంది. అందులో అన్నిటికన్నా పెద్ద దీవిని అక్కడివాళ్ళు మెయిన్‌లాండ్ అంటారు. దాని నడిబొడ్డున స్టెన్నెస్ పారిష్ ఉంది. ఒక చర్చి కింద ఉండే పొలాలు, ఇళ్ళు, మనుషులు అన్నీ కలిపి ఒక పారిష్. అక్కడ రెండు పెద్ద సరస్సులు పక్కపక్కనే ఉంటాయి. హ్యారే సరస్సులోవి మంచినీళ్ళు. స్టెన్నెస్ సరస్సులోకి సముద్రం వచ్చి పోతుంటుంది కాబట్టి ఆ నీళ్ళు ఉప్పన. రెండింటి మధ్య సన్నటి నేల, బ్రాడ్గర్ నాలుక, వాయవ్యానికి చాచుకుని ఉంటుంది. చెట్టన్నది అరుదు. గాలికి అడ్డం లేదు. కాబట్టి అక్కడ నిలబెట్టిన ఏ వస్తువైనా, చర్చి గోడ కానీ రాయి కానీ, ఎంతో దూరం నుంచి కనిపిస్తుంది.

చర్చి ముంగిట నిలబడి చూస్తే దాని ఇరుగుపొరుగు ఎవరో తెలుస్తుంది. పడమరగా, కూతవేటు దూరంలో, స్టెన్నెస్ నిలువురాళ్ళు. క్రీస్తుపూర్వం 3100 ప్రాంతంలో నిలబెట్టినవి. తూర్పుగా, కిలోమీటరుకు లోపు, మేస్‌హౌ అనే పచ్చటి దిబ్బ. దాని కడుపులో ఒక రాతి సమాధి గది, అందులోకి పొడవాటి ఇరుకు దారి. శీతకాలపు నడుమ, పగలు బాగా కుంచించుకుపోయే ఆ రోజుల్లో, అస్తమించే సూర్యుడి వెలుగు ఆ దారి గుండా పోయి వెనక గోడను తాకుతుంది. దక్షిణంగా పొలంలో ఒంటరిగా నిలబడ్డది బార్న్‌హౌస్ రాయి. బ్రాడ్గర్ నాలుకకు వెళ్ళే వంతెన మొదట్లో నిలబడ్డది వాచ్ స్టోన్, కావలి రాయి. వంతెన దాటి బ్రాడ్గర్ నాలుక మీద నడిస్తే బ్రాడ్గర్ రాతి వలయం. 104 మీటర్ల అడ్డకొలత ఉన్న ఆ వలయంలో ఒకప్పుడు 60 రాళ్ళు ఉండేవని అంచనా. ఇప్పుడు సగానికి కొంచెం పైగా మిగిలాయి. వీటిలో చాలా భాగాన్ని 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. వీటన్నిటి మధ్యలో, నిన్న మొన్న వచ్చిన చుట్టంలా, చర్చి.

స్టెన్నెస్ రాళ్ళ గురించి ఒక మాట. ఫోటోల్లో అవి లావుగా, బరువుగా కనిపిస్తాయి. దగ్గరికి వెళితే అలా ఉండవు. ఐదు మీటర్లు దాటిన ఎత్తు, కానీ పక్క నుంచి చూస్తే పలుచటి పలక. అక్కడి ఇసుకరాయి పొరలు పొరలుగా విడుతుంది. ఆ పొరను విడదీసి, ఎత్తి, నేలలో దింపారు. పై అంచు ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. రాయి ఒంటి మీద బూడిద రంగు, పసుపు రంగు పాచి, నాచు మచ్చలు. గొర్రెలు వచ్చి ఒళ్ళు రుద్దుకునే ఎత్తు దాకా రాయి నున్నగా ఉంది. దాని మీద చెయ్యి వేస్తే పొరల అంచులు వేళ్ళకు తగులుతాయి. వలయం చుట్టూ ఒకప్పుడు లోతైన కందకం ఉండేది. 1973, 74ల్లో గ్రేయమ్ రిచీ తవ్వించినప్పుడు ఆ కందకాన్ని అడుగునున్న బండలోకి తొలిచారని బయటపడింది. ఇనుము ఎరగని కాలం అది. వలయం నడిమధ్యన చదరంగా పేర్చిన ఒక రాతి పొయ్యి కూడా దొరికింది. ఐదువేల ఏళ్ళ నాడు ఎవరో అక్కడ నిప్పు రాజేశారు, వండారు, చుట్టూ కూర్చున్నారు. నాకు ఆ ఆకాశమెత్తు రాళ్ళ కన్నా ఆ పొయ్యి దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపించింది.

ఇక ఆ చిల్లు రాయి సంగతి.

స్టెన్నెస్ వలయానికి ఉత్తరంగా, కొంత దూరంలో, విడిగా నిలబడి ఉండేది. దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తు. దానికి, ఇటు నుంచి అటు, గుండ్రటి రంధ్రం. ఓడిన్ రాయి అనేవాళ్ళు. ఓడిన్ అంటే నార్వే నుంచి ఓడల్లో వచ్చిన పూర్వీకుల దేవుడు. క్రైస్తవం వచ్చి ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ పేరు పోలేదు. ఎవరైనా దాని దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళేవాళ్ళు కాదు. రొట్టె ముక్కో, జున్ను ముక్కో, గుడ్డ పేలికో, ఏమీ లేకపోతే చిన్న రాయో అక్కడ పెట్టి వచ్చేవాళ్ళు. పసిపిల్లల తలను ఆ రంధ్రంలోంచి పెట్టి తీస్తే పెద్దయ్యాక పక్షవాతం రాదని నమ్మేవాళ్ళు.

కొత్త సంవత్సరం వచ్చిందంటే స్టెన్నెస్ చర్చిలో పడుచువాళ్ళ సంబరం. ఈ సంగతులు 1784లో రాసిపెట్టిన వర్ణన ఒకటి మిగిలింది. చుట్టుపక్కల ఊళ్ళ యువతీయువకులు నాలుగైదు రోజులకు సరిపడా తిండి మూటగట్టుకుని వచ్చేవాళ్ళు. చర్చిలోనే విందు, చర్చిలోనే ఆట. ఆ రోజుల్లో మనసులు కలిసిన జంట మిగతావాళ్ళకు చెప్పకుండా జారుకునేది. ముందు స్టెన్నెస్ వలయానికి. దాన్ని చంద్రుడి గుడి అనేవాళ్ళు. అక్కడ అమ్మాయి అబ్బాయి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, తానిచ్చే మాట నిలుపుకునే శక్తి ఇవ్వమని ఓడిన్‌ను వేడుకునేది. తర్వాత ఇద్దరూ వంతెన దాటి బ్రాడ్గర్ వలయానికి. అది సూర్యుడి గుడి. అక్కడ అబ్బాయి వంతు. అక్కణ్ణించి తిరిగి చిల్లు రాయి దగ్గరికి. ఒకరు ఇటు, ఒకరు అటు. మధ్యలో రాయి, మనిషి ముఖం మనిషికి కనిపించదు. రంధ్రంలోంచి కుడిచెయ్యి కుడిచేతిని పట్టుకుంటుంది. అప్పుడు బాస.

జనవరిలో ఆర్క్నీలో పగలు ఆరు గంటలు, మరి కొంచెం. ఆ చలిలో, ఆ గాలిలో, రాయికి అవతల ఉన్న చేతి వెచ్చదనం ఒక్కటే సాక్ష్యం. పాస్టరు లేడు, పుస్తకం లేదు, సంతకం లేదు. ఆ బాస తేలిగ్గా తెగేది కాదు.

ఆ జంటకు తర్వాత పొసగకపోతే? దానికీ ఒక మార్గం ఉండేది, ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించేది అదే. ఇద్దరూ కలిసి స్టెన్నెస్ చర్చిలోకి వెళ్ళాలి. ఒకరు ఉత్తరపు తలుపు గుండా, ఇంకొకరు దక్షిణపు తలుపు గుండా బయటికి రావాలి. అంతే, బంధం తెగిపోయినట్టు. కట్టేది పాత దేవుడి రాయి, విప్పేది కొత్త దేవుడి ఇల్లు. ఇందులో ఆ ఊరివాళ్ళకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు. రెండూ వాళ్ళవే, రెండూ ఒకే పొలిమేరలోవే.

చర్చి పెద్దలకు కూడా కనిపించినట్టు లేదు. 1781లో ప్యారిస్‌లోని స్కాట్స్ కళాశాల నుంచి ఒక పెద్దమనిషి ఆర్క్నీ వచ్చాడు. ఆయన రాసిపెట్టిన ముచ్చట ఒకటి ఉంది. పెళ్ళి చేసుకుంటానని నమ్మించి ఒక పిల్లను తల్లిని చేసి వదిలేసిన కుర్రవాణ్ణి సంఘ పెద్దలు విచారణకు పిలిచారట. మామూలు తప్పులకు వేసే శిక్ష కన్నా చాలా గట్టిగా వేశారట. ఎందుకింత కఠినం అని అడిగితే, వీడు ఎంత చెడ్డవాడో మీకు తెలియదు, ఓడిన్‌కు ఇచ్చిన మాట తప్పాడు అన్నారట. బైబిలు చేతబట్టిన సంఘ పెద్దలు! స్కాట్లండ్ సంఘం విగ్రహాల విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉండేదో తెలిసినవాళ్ళకు ఈ ముచ్చట విలువ అర్థమవుతుంది. ఆ పెద్దలకు ముఖ్యం దేవుడి పేరు కాదు. ఆడపిల్లకు ఇచ్చిన మాట.

ఆ బాస చావుతో కూడా తీరదని చెప్పే కథ కూడా ఉంది. ఆర్క్నీలో పెరిగిన జాన్ గౌ సముద్రపు దొంగ అయ్యాడు, పట్టుబడ్డాడు, 1725లో లండన్‌లో ఉరి తీశారు. అతనితో ఓడిన్ రాయి దగ్గర చేతులు కలిపిన అమ్మాయి అంత దూరం వెళ్ళి, శవం చేతిని ముట్టుకుని, తన మాట తాను వెనక్కి తీసుకుందని జనం చెప్పుకుంటారు. వాల్టర్ స్కాట్ ‘ది పైరేట్’ నవలకు మూలం ఈ గౌ కథే. స్కాట్ దీపస్తంభాల శాఖ వాళ్ళ ఓడలో ఆర్క్నీ వచ్చి ఈ రాళ్ళను చూసింది 1814 ఆగస్టులో. ఇంకో నాలుగు నెలలు ఆలస్యమై ఉంటే ఓడిన్ రాయి ఉండేది కాదు.

ఆ డిసెంబరులో కెప్టెన్ మెకే అనే కౌలుదారు దాన్ని పగలగొట్టాడు. అతను దీవివాడు కాదు. అలాంటివాళ్ళను ఆర్క్నీలో ఫెర్రీలూపర్ అంటారు, ఓడెక్కి వచ్చినవాడని. పొలంలో రాళ్ళు దున్నకానికి అడ్డం. రాళ్ళను చూడటానికి, మొక్కుకోవడానికి వచ్చే జనం పొలానికి చేటు. పైగా పశువుల కొట్టం కట్టుకోవడానికి మంచి రాయి కావాలి. అతని లెక్క అదే. ఓడిన్ రాయి ముక్కలయ్యాక స్టెన్నెస్ వలయం మీద పడ్డాడు. ఒక రాయిని పడగొట్టాడు, ఇంకొకదాన్ని ముక్కలు చేశాడు. ఊరు భగ్గుమంది. అతని ఇంటికి రెండుసార్లు నిప్పు పెట్టబోయారు. చరిత్రకారుడు మాల్కమ్ లెయింగ్ తదితరులు కలగజేసుకుని చట్టం ద్వారా ఆపించకపోతే ఆ మిగతా రాళ్ళు కూడా మిగిలేవి కావు.

ఇంటికి నిప్పు పెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ కోపాన్ని అర్థం చేసుకోగలను. పాస్టర్లు ఎనిమిది శతాబ్దాలు ఆ రాయి పక్కనే ప్రార్థన నడిపించారు, దాన్ని తాకలేదు. ఒక్క కౌలుదారు ఒక్క చలికాలంలో దాన్ని కొట్టం గోడ చేశాడు.

ఇక్కడ తెలుగువాడికి అమరావతి గుర్తు రాకుండా ఉండదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త రాజధాని కట్టుకుంటూ ఉంటే, పనివాళ్ళు రాళ్ళ కోసం దీపాలదిన్నె అనే స్తూపపు దిబ్బను తవ్వారు. చెక్కిన పలకలు ఇళ్ళల్లోకి, మెట్లలోకి, సున్నపు బట్టీల్లోకి పోయాయి. ఆ వార్త విని వచ్చి చూసిన కాలిన్ మెకంజీ స్కాట్లండ్ దీవివాడే. కాలనిష్ నిలువురాళ్ళు ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నవే పట్నంలో పుట్టాడు. 1816లో అతను తన మనుషులతో మళ్ళీ అమరావతి వచ్చేసరికి దిన్నె చాలావరకు ఖాళీ. మిగిలినవాటి బొమ్మలు గీయించాడు. ఈనాడు అమరావతి స్తూపం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ కాగితాల పుణ్యమే.

ఓడిన్ రాయిని కూడా కాగితాలే కాపాడాయి. 1772లో జోసెఫ్ బ్యాంక్స్ ఐస్‌లాండ్ నుంచి తిరిగి వస్తూ ఆర్క్నీలో ఆగినప్పుడు అతని వెంట ఉన్న సర్వేయరు ఈ రాళ్ళన్నిటికీ కొలతలు తీశాడు. ఆ తర్వాత రెండేళ్ళకు, అటుపై ఆర్క్నీలోనే పాస్టరైన జార్జ్ లో దీవులు తిరిగి, చూసినదంతా రాశాడు, గీశాడు. ఓడిన్ రాయి దగ్గర చేతులు కలుపుకుంటున్న జంట బొమ్మ ఇలాంటి పాత చిత్రాల్లో కనిపిస్తుంది. జార్జ్ లో గురించి ఇంకో మాట చెప్పాలి. ఆర్క్నీ, షెట్‌లాండ్ ప్రజలు ఒకప్పుడు నార్న్ అనే భాష మాట్లాడేవాళ్ళు, నార్వే నుంచి తెచ్చుకున్నది. 1468లో డెన్మార్క్, నార్వేల రాజు తన కూతురి కట్నం కింద ఆర్క్నీని స్కాట్లండ్ రాజుకు తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు విడిపించనే లేదు. స్కాట్ల మాట వచ్చి నార్న్‌ను నెమ్మదిగా తోసేసింది. జార్జ్ లో 1774లో షెట్‌లాండ్‌లోని ఫౌలా దీవికి వెళ్ళి, ఒక ముసలాయన నోటి నుంచి నార్న్ గాథ ఒకటి రాసుకున్నాడు. జార్జ్ లోకు ఆ భాష రాదు. చెవికి వినిపించినట్టు రాసిపెట్టాడు. ఆ భాషలో మనకు మిగిలిన కొద్దిపాటి వాటిలో అది ఒకటి. పాత బాసలు చేసినవాళ్ళు ఓడిన్‌తో ఆ భాషలోనే మాట్లాడి ఉంటారు.

రాయి కథ 1814తో అయిపోలేదు. రంధ్రం ఉన్న ముక్క చాలా కాలం ఒక పొలంలో గుర్రంతో తిప్పే మిల్లుకు ఆధారంగా ఉండిందని, 1940ల్లో దాన్ని కూడా పగలగొట్టారని అంటారు. మెకే పడగొట్టిన రాయిని 1906లో మళ్ళీ నిలబెట్టారు. ఆ ఊపులో మరుసటేడు వలయం మధ్యలో ఒక బల్ల కూడా పేర్చారు, పూర్వం అక్కడ బలిపీఠం ఉండేదన్న ఊహతో. ఆ ఊహకు గట్టి ఆధారం లేదు. 1972లో ఆ బల్ల పైపలకను పడదోశారు, ఇప్పుడా బల్ల లేదు. మంచిదే అయింది. లేనిదాన్ని కల్పించి పెట్టడం కన్నా ఉన్న ఖాళీని అలా ఉండనివ్వడమే ఆ చోటికి మర్యాద. 1980 జూన్‌లో బ్రాడ్గర్ వలయంలో ఒక రాయి మీద పిడుగు పడి ముక్కలైంది. ఆ ముక్కలు దాని మొదట్లోనే ఉన్నాయి. కావలి రాయికి ఒక జోడు ఉండేదని 1930లో రోడ్డు పని చేస్తుంటే తెలిసింది, నేలలో దాని మొద్దు దొరికింది. అంటే ఒకప్పుడు రెండు రాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళేవాళ్ళన్నమాట. చివరికి 1988లో ఓడిన్ రాయిని దింపిన గుంట కూడా పురావస్తు తవ్వకంలో బయటపడింది. రాయి లేదు, దాని కాలు మోపిన చోటు మాత్రం ఉంది.

బ్రాడ్గర్ నాలుక మీద 2003లో ఒక రైతు నాగలికి పెద్ద పలక తగిలింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నిక్ కార్డ్ ఆధ్వర్యంలో తవ్వారు. భారీ గోడలు, రంగులు పూసిన రాళ్ళు, విశాలమైన కట్టడాలు, రాతియుగపు ఒక మహాస్థలం బయటికి వచ్చింది. నెస్ ఆఫ్ బ్రాడ్గర్ అన్నారు. ఆ పలుచటి రాయి గాలికి, మంచుకు తట్టుకోలేదు. పొరలు విడిపోతుంది. అందుకని 2024లో దాన్నంతా మళ్ళీ మట్టి కప్పి పూడ్చేశారు. వేసవిలో వెళ్ళి తవ్వకం చూసినవాళ్ళకు ఇక అది జ్ఞాపకమే. ఇక్కడ కనిపించకుండా పోవడం కూడా కాపాడటమే అయింది.

పోయినవాటిలో నాకు అన్నిటికన్నా దగ్గరివి కొత్త సంవత్సరపు ఆ నాలుగైదు రోజులు. చర్చి నేల మీద పరిచిన మూటలు, ఎవరో తెచ్చిన ఓట్ రొట్టె, ఆడుతున్న కాళ్ళ చప్పుడు, మసక వెలుతురులో చెప్పకుండా బయటికి జారుకున్న జంట. వాటి మీద ఏ తవ్వకమూ సాగదు. గుంట మిగలదు, మొద్దు మిగలదు. చర్చిలో అలా రాత్రులు గడపడం రాయి పోకముందే ఆగిపోయింది, ఆ తర్వాత రాయీ పోయింది, మొత్తానికి రెండూ కలిసి ఒక తరం గుర్తుల్లోంచి జారిపోయాయి. మేస్‌హౌ గోడల మీద 12వ శతాబ్దపు నార్స్ వాళ్ళు గీకిన రూనిక్ అక్షరాలు ఇంకా చదవచ్చు. ఎవడో తన పేరు గీకుకున్నాడు, ఎవడో ఒక అందగత్తెను పొగిడాడు. 1153 క్రిస్‌మస్ రోజుల్లో మంచు తుఫానుకు తల దాచుకోవడానికి ఒక ప్రభువు మనుషులు ఆ సమాధిలో దూరారని, ఇద్దరికి మతి చెడిందని ఆర్క్నీ దొరల సాగా చెబుతుంది. సమాధిలో దూరినవాళ్ళ రాతలు నిలిచాయి. చేతులు కలిపి బాస చేసుకున్న పిల్లల పేర్లు ఒక్కటీ నిలవలేదు.

స్కాట్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. సెలవు దొరికితే ఆర్క్నీ వెళ్ళండి. టూరు బస్సులు మేస్‌హౌ నుంచి నేరుగా నిలువురాళ్ళకు, అక్కణ్ణించి బ్రాడ్గర్‌కు తీసుకుపోతాయి. చర్చి దగ్గర ఆగవు. మీరు దిగి నడవండి. ముందు చర్చికి వెళ్ళండి, ఆ తర్వాతే రాళ్ళ దగ్గరికి. ఆ జంటలు నడిచింది ఆ వరసలోనే.